ఆపేవాడు లేని ఆట

మొన్నొకరోజు ఆఫీసు క్యాంటీన్లో భోజనాల దగ్గర ఒక వాదన జరిగింది. మా టీములో ఒకతను నాలుగేళ్లు అమెరికాలో ఉండి వచ్చాడు. ఫోన్లో ఏదో అమెరికన్ ఫుట్‌బాల్ క్లిప్పు చూపిస్తున్నాడు. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు పొట్టేళ్లలా పరిగెత్తుకొచ్చి గుద్దుకున్నారు. ఒకడు లేవలేదు. పక్కనే కూర్చున్న వేరే టీము పెద్దాయన అది చూసి మొహం చిట్లించి, "ఇదేం ఆటండీ, మృగాల్లాగా! మన దగ్గర యుద్ధం కూడా ధర్మయుద్ధమే. పొద్దుగూకితే ఆయుధాలు దించేసేవాళ్లు" అన్నారు. మావాడు ఊరుకుంటాడా? "మీ భారతంలో రొమ్ము చీల్చి రక్తం తాగలేదా సార్? ఇక్కడ కనీసం స్ట్రెచర్ వస్తుంది" అన్నాడు.

ఇద్దరూ నా వైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. నేను పెరుగన్నం మీద దృష్టి పెట్టాను.

ఆ పూటకు తప్పించుకున్నాను గానీ ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారనిపించింది. ఎవరి దగ్గర ఎక్కువ రక్తం కారిందో చూసి, తక్కువ కారినవాడు నాగరికుడని తేల్చేస్తున్నారు. పైగా ఈ విషయంలో నాకొక పాత బాకీ ఉంది. అది చివర్లో చెప్తాను. ముందు లెక్కల సంగతి చూద్దాం, వృత్తిరీత్యా అలవాటు కదా.

కురుక్షేత్రంలో దిగినవి 18 అక్షౌహిణులు. కౌరవులవి 11, పాండవులవి 7. ఒక అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాలిబంట్లు. అన్నీ కూడితే 2,18,700. దాన్ని 18తో గుణిస్తే 39,36,600. అంటే నలభై లక్షలకు కాస్త తక్కువ. యుద్ధమయ్యాక స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు "ఎంతమంది పోయారు?" అని అడుగుతాడు. ధర్మరాజు చెప్పిన జవాబు 166 కోట్ల 20 వేలు. జాడ తెలియనివాళ్లు ఇంకో 24,165 మంది. రథానికి సారథిని, ఏనుగుకు మావటిని, వంటవాళ్లనూ కలుపుకున్నా ఈ రెండు లెక్కలూ కలవవు. ఇవాళ్టి భారతదేశం జనాభా కూడా 166 కోట్లు లేదు. బగ్ రిపోర్టు రాయాలనుకుంటే రాయొచ్చు. కానీ నూరుగురు కొడుకులూ పోయిన తండ్రికి చెప్పిన సంఖ్య అది. "లెక్కపెట్టడం మనవల్ల కాదు" అనడానికి కవి వాడిన అంకె అనుకుంటాను నేను.

ఇప్పుడు ఆటల వైపు చూడండి. 1905లో అమెరికాలో ఒక్క ఫుట్‌బాల్ సీజన్లో 18 మంది దాకా చనిపోయారని అప్పటి పత్రికలు రాశాయి. అందులో చాలామంది కుర్రాళ్లే. ఆ ఏడాది అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్ హౌసుకి పిలిపించి ఆటను బాగుచేసుకోమని చెప్పాల్సొచ్చింది. మరుసటి ఏడు నిబంధనలు మారాయి. గుంపంతా ఒక ముద్దలా కదిలి ఒక్కడి మీద పడే పద్ధతులకు కళ్లెం వేశారు. బంతిని ముందుకు విసరడానికి అనుమతిచ్చారు. మన మాటల్లో చెప్పాలంటే కొన్ని వ్యూహాలను నిషేధించారన్నమాట.

166 కోట్లెక్కడ, 18 ఎక్కడ? అంకెల్లో మా అమెరికా మిత్రుడే గెలుస్తాడు. కానీ ఒకటి కావ్యం చెప్పిన సంఖ్య, ఇంకోటి పేపర్లో పడ్డ చావులు. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. కాబట్టి రక్తం లెక్క వదిలేద్దాం.

పోనీ, నియమాల సంగతి? పెద్దాయన చెప్పింది నిజమే. భీష్మపర్వం మొదట్లో రెండు పక్షాలవాళ్లూ కూర్చుని నియమాలు రాసుకున్నారు. రథికుడు రథికుడితోనే, ఏనుగు మీదున్నవాడు ఏనుగు మీదున్నవాడితోనే తలపడాలి. వెన్నిచ్చినవాణ్ణి, శరణన్నవాణ్ణి, వేరొకరితో పోరులో ఉన్నవాణ్ణి, ఆయుధం పోయినవాణ్ణి కొట్టకూడదు. సారథుల్ని, శంఖాలూ భేరీలూ వాయించేవాళ్లని ముట్టుకోకూడదు. ఆ రోజు పోరు ఆగాక మళ్లీ స్నేహంగా ఉండాలి. చదువుతుంటే ఏదో టోర్నమెంటు రూల్ బుక్కులా ఉంటుంది.

దీని పక్కన కబడ్డీ రూల్ బుక్కు పెట్టండి. కూతకు వచ్చినవాడి నోరు మూసి కూత ఆపకూడదు. జుట్టు పట్టుకోకూడదు, బట్టలు పట్టుకోకూడదు. కాళ్లతో కత్తెర వేయకూడదు. కావాలని కోర్టు బయటికి తోసేయకూడదు. పట్టు మోటుగా ఉంటే రిఫరీ కార్డు చూపిస్తాడు. రెండింటి ఉద్దేశమూ ఒకటే: బలం చూపించు, కానీ ఎదుటివాణ్ణి నాశనం చెయ్యకు.

మరి ఒకటి నలభై నిమిషాల్లో ముగిసి అందరూ చేతులు కలిపితే, ఇంకోటి పద్దెనిమిది రోజుల తర్వాత పాండవుల వైపు ఏడుగురు, కౌరవుల వైపు ముగ్గురు మిగిలేదాకా ఎందుకెళ్లింది? ఆ పదిమందీ రెండు పక్షాల యోధుల్లో మనకు చెప్పుకోదగ్గవాళ్లు. మిగతావాళ్లంతా ఏమయ్యారు? నియమాల్లో లోటేమీ లేదే!

దీనికి జవాబు భారతంలోనే ఉందని నా అభిప్రాయం. భీముడికీ దుర్యోధనుడికీ మధ్య జరిగిన రెండు గదాయుద్ధాలు పక్కపక్కన పెట్టుకుంటే కనబడుతుంది.

మొదటిది ఆదిపర్వంలో. మన తెలుగులో నన్నయ రాసిన భాగం. ద్రోణుడి దగ్గర చదువు పూర్తయింది. కుమారుల విద్య జనానికి చూపించడానికి రంగస్థలం కట్టారు. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి, భీష్ముడు అందరూ వచ్చి కూర్చున్నారు. భీముడూ దుర్యోధనుడూ గదలు పట్టుకుని దిగారు. ఇది ప్రదర్శన మాత్రమే. కానీ ఇద్దరి మనసుల్లో ఉన్నది వేరు కదా, కాసేపటికి దెబ్బలు నిజం దెబ్బలైపోయాయి. చూసేవాళ్లు రెండుగా చీలిపోయి కొందరు భీముడికీ కొందరు దుర్యోధనుడికీ అరవడం మొదలుపెట్టారు. అప్పుడు ద్రోణుడు కొడుకు అశ్వత్థామను పిలిచి వాళ్లిద్దర్నీ ఆపమన్నాడు. ఆయన చెప్పిన కారణం గమనించాలి: వీళ్ల మూలంగా జనం రెచ్చిపోకూడదు. అశ్వత్థామ వెళ్లి మధ్యలో నిలబడ్డాడు. గదలు దిగాయి. అంతే, ఎవరికీ ఏమీ కాలేదు.

రెండోది శల్యపర్వంలో, తిక్కన చేతుల్లోకి వచ్చాక. అదే ఇద్దరు. అవే గదలు. సైన్యాలన్నీ అయిపోయాయి. మడుగులో దాక్కున్న దుర్యోధనుణ్ణి బయటికి రప్పించారు. ఇక్కడా ప్రేక్షకులున్నారు. ఇద్దరికీ గద నేర్పిన బలరాముడు తీర్థయాత్రల నుంచి సరిగ్గా అప్పుడే వచ్చాడు. అంతకన్నా మంచి రిఫరీ దొరుకుతాడా? ఆట తెలిసినవాడు, ఇద్దరికీ గురువు, యుద్ధంలో ఏ పక్షమూ పట్టనివాడు. కానీ ఆయన్ని ఆపమని ఎవరూ అడగలేదు, ఆయనా చూస్తూ కూర్చున్నాడు. అర్జునుడు తొడ చరిచి సైగ చేశాడు. భీముడు తొడలు విరగ్గొట్టాడు. నాభికి దిగువన కొట్టడం గదాయుద్ధంలో తప్పు. అప్పుడు బలరాముడు నాగలెత్తి లేచాడు. కృష్ణుడు పట్టుకుని ఆపింది భీముణ్ణి కాదు, బలరాముణ్ణి! ఆయన నాలుగు మాటలని ద్వారకకు వెళ్లిపోయాడు.

ఎన్టీఆర్ 'దాన వీర శూర కర్ణ' (1977) చూసి పెరిగిన తరం మాది. దుర్యోధనుడి మీద కాస్త జాలి ఎక్కువే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ నా ప్రశ్న ఎవరిది ధర్మం అన్నది కాదు. భీముడికి ప్రతిజ్ఞ ఉంది, నిండు సభలో ద్రౌపదికి తొడ చూపించిన పాపం అవతలివాడికి ఉంది. నేను చూసేది ఒక్కటే. మొదటిసారి మధ్యలోకి దిగినవాడు ఉన్నాడు. రెండోసారి లేడు.

ఇంకో సంగతి. మొదటిసారి మధ్యలో నిలబడ్డ అశ్వత్థామ రెండోసారి ఏమయ్యాడు? తొడలు విరిగి పడున్న దుర్యోధనుడి దగ్గరికి వచ్చి, ఆ రాత్రే శిబిరంలోకి దూరి, నిద్రపోతున్నవాళ్లను చంపాడు. ఉపపాండవులు పోయింది అప్పుడే. కుర్రవాడిగా గొడవ ఆపినవాడే, పెద్దయ్యాక ఆపలేని గొడవగా తయారయ్యాడు. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ రెంటికీ మధ్య ఇంకో ఆట ఉంది, జూదం. అక్కడ ఆపగలిగినవాడు స్పష్టంగా ఉన్నాడు. రాజు ధృతరాష్ట్రుడు. ఆపమని విదురుడు పక్కనుండి మొత్తుకుంటూనే ఉన్నాడు. కానీ రాజు సంతోషం పట్టలేక పదే పదే అడిగింది "గెలిచామా? గెలిచామా?" అని. అంపైరు కుర్చీలో కూర్చున్నవాడికి స్కోరు మీద ఆశ పుడితే ఆ ఆట ఇక ఆట కాదు. మా భాషలో చెప్పాలంటే లూపులోంచి బయటపడే కండిషన్ రాశారు గానీ, దాన్ని చెక్ చేసే లైను తీసేశారు.

తర్వాత కురుక్షేత్రంలో జరిగిందంతా ఈ లూపే. అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపారు కాబట్టి, భూరిశ్రవసుడి చెయ్యి వెనకనుంచి నరికినా తప్పులేదు. అదయ్యాక ద్రోణుడికి అబద్ధం చెప్పినా తప్పులేదు. కర్ణుడి చక్రం కుంగినప్పుడు పాత పద్దులన్నీ చదివారు. ప్రతి తప్పుకీ దాని ముందు తప్పు సాక్షి. "వాళ్లు ముందు చేశారు కదా" అన్న మాటకు ఎదురు చెప్పే మూడోమనిషి లేడు. భీష్ముడు అంపశయ్య మీద పడుకుని ఇద్దరికీ సంధి చేసుకోమని చెప్పాడు. కానీ అప్పటికి ఆయన మైదానం బయట ఉన్నాడు.

ఇది మన దగ్గర మాత్రమే తట్టిన ఆలోచన అనుకోకండి. గ్రీకుల ఇలియడ్‌లో అకిలీజ్ ఉన్నాడు. స్నేహితుడు పట్రోక్లస్ చనిపోయాడని పగతో హెక్టర్ని చంపి, శవాన్ని రథానికి కట్టి ఈడ్చినవాడు. ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. తర్వాత 23వ భాగంలో అదే స్నేహితుడి అంత్యక్రియల్లో ఆటల పోటీలు పెట్టాడు. కుస్తీలో అజాక్స్, ఒడిస్సియస్ ఇద్దరూ తగ్గట్లేదు. మూడో పట్టుకు లేస్తుంటే అకిలీజే లేచి, "చాలు, ఇద్దరూ గెలిచారు" అని ఆపేశాడు. తర్వాత ఆయుధాలతో పోటీ. అజాక్స్ మెడ దగ్గరకి ఈటె మొన వస్తుంటే చూస్తున్న సైనికులే భయపడి ఆపమని అరిచారు. యుద్ధంలో తనను తాను ఆపుకోలేనివాడు ఆటలో ఇతరుల్ని ఆపగలిగాడు. ఇలియడ్ మొత్తంలో అకిలీజ్ నాకు నచ్చిన చోటు అదే.

మా ఊరి దగ్గరి ఉదాహరణ కావాలంటే లేపాక్షికి వెళ్లండి. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు గానీ, మాకు అలవాటు కొద్దీ అనంతపురమే. అక్కడి వీరభద్రాలయం పదహారో శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించింది. అందరూ వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి ఫొటో తీసుకుని వచ్చేస్తారు. కాస్త తలెత్తి పైకప్పు చూడండి. బొమ్మల్లో కిరాతార్జునుల కథ ఉంటుంది. ఒక పందికి ఇద్దరూ బాణం వేశారు. నాదంటే నాదని గొడవ. బాణాలతో మొదలై, విల్లుతో కొట్టుకుని, చివరికి ఒళ్లూ ఒళ్లూ పట్టుకున్నారు. అంటే నేటి భాషలో అచ్చంగా కాంటాక్ట్ స్పోర్ట్. అర్జునుడు కసిగానే కొట్టాడు. కానీ అవతలున్నది శివుడు. ఎంతవరకు పోనివ్వాలో, ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. ఆపి, మెచ్చుకుని, పాశుపతం ఇచ్చి పంపాడు. ఓడిపోయినవాడు బహుమతితో ఇంటికెళ్లిన పోరు అది.

ఇంతదాకా చదివి, "అయితే నేటి ఆటల్లో రిఫరీ ఉన్నాడు కాబట్టి అంతా బాగుందంటావా?" అని అడుగుతారేమో. అలా అనను. నేటి ఆటల్లోనూ ఆపడం అనేది దెబ్బలు తిని నేర్చుకున్నదే. బాక్సింగులో 1867లో క్వీన్స్‌బెరీ నియమాలు వచ్చాయి. మూడు నిమిషాలకొకసారి ఆపాలి. పడిపోయినవాడు పది సెకన్లలో లేవకపోతే పోటీ అయిపోయినట్టే. ఆ పది అంకెలే బాక్సింగుని వీధి పోట్లాట నుంచి వేరు చేసేవి. అయినా 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో రే మాన్సినీతో పోరాడిన కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ పద్నాలుగో రౌండులో పడిపోయి, కొద్ది రోజులకే చనిపోయాడు. అప్పుడు గానీ ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ 15 రౌండ్లను 12కి తగ్గించలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ కథ ఇంకా పాఠం. అక్కడ బయటికి రక్తం కనబడదు, హెల్మెట్ ఉంది. లోపల మెదడు కదిలిపోతుంది. మైక్ వెబ్‌స్టర్ అనే పేరుమోసిన ఆటగాడు 2002లో చనిపోతే, బెన్నెట్ ఒమాలు అనే నైజీరియా మూలాలున్న డాక్టరు ఆయన మెదడు పరీక్షించి, మళ్లీ మళ్లీ తగిలిన దెబ్బల వల్ల వచ్చే జబ్బు గుర్తులు కనబడ్డాయని 2005లో ప్రచురించాడు. 1994లోనే లీగు ఈ విషయం చూడ్డానికి సొంత కమిటీ వేసుకుంది. ఆ కమిటీ ఏళ్ల తరబడి పెద్ద ప్రమాదమేమీ లేదంటూ వచ్చింది. 2017లో బోస్టన్ పరిశోధకులు, కుటుంబాలు దానమిచ్చిన 111 మంది లీగు ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో ఆ జబ్బు ఉంది. (అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానమిస్తాయి కాబట్టి ఆటగాళ్లందరికీ ఇదే నిష్పత్తి అనుకోకూడదు. అయినా చిన్న సంఖ్య కాదు.)

ఈ కమిటీ గురించి చదివినప్పుడు నాకు జూదంలో ధృతరాష్ట్రుడే గుర్తొచ్చాడు. ఆపాల్సిన కుర్చీ ఉంది, అందులో మనిషీ ఉన్నాడు. ఆయన కళ్లు మాత్రం టికెట్ల మీద, టీవీ హక్కుల మీద. కాబట్టి క్యాంటీన్లో మా మిత్రుడు "స్ట్రెచర్ వస్తుంది" అన్నాడే, దానికి నా జవాబు ఇది: స్ట్రెచర్ వస్తే చాలదు, ఎవరు పంపిస్తారు, ఎప్పుడు పంపిస్తారు, వాళ్లకు ఆ రోజు స్కోరుతో పనుందా అన్నది చూడాలి.

పెద్దాయనకూ ఒక జవాబు ఉంది. "మనం అలాంటివాళ్లం కాదు" అని చెప్పుకునేముందు మా జిల్లా సరిహద్దు దాటి కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టుకు దసరా రాత్రి వెళ్లి చూడాలి. మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం. ఉత్సవమూర్తుల కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రెండు వైపులా కర్రలతో దిగుతారు. స్వామి రాక్షసుల్ని చంపిన కథకు గుర్తుగా జరిగేది. ఏటా ఎన్నో తలలు పగులుతాయి, ఆలూరుకీ ఆదోనికీ బండ్లు పరిగెడతాయి, కొన్నేళ్లు ప్రాణాలు కూడా పోయాయి. అక్కడివాళ్లని అడిగితే ఇది కొట్లాట కాదు, మొక్కు అంటారు. వాళ్ల భక్తిని నేను తక్కువ చేయను. పోలీసులు కెమెరాలు పెట్టారు, ఊరూరా తిరిగి చెప్పారు, కర్రలు స్వాధీనం చేసుకున్నారు. కానీ బయటినుంచి వచ్చి ఆపాలంటే ఆగదు. లోపలివాళ్లలో, ఇద్దరూ గౌరవించే మనిషి ఒకడు లేచి "చాలప్పా" అనాలి.

ఇక మా సీమ ఫ్యాక్షన్ గురించి సినిమాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సినిమాలో సుమోలు గాల్లోకి లేస్తే ఈలలు వేస్తాం. నిజంలో అది సౌప్తికపర్వం. "వాళ్లు ముందు చేశారు కదా" అన్న ఒక్క వాక్యం మీద రెండు మూడు తరాలు నడుస్తాయి. ఊళ్లో పంచాయితీ చేయాల్సిన పెద్దమనిషే ఒక పక్షం మనిషైతే ఇంకెవరు ఆపాలి? వానలు లేక, చెనక్కాయ పంట ఎండి, సగం ఊరు బెంగుళూరుకు వలసపోయినా కక్షలు మాత్రం ఊళ్లోనే ఉండిపోయిన పల్లెలు మా చిన్నప్పుడు చూశాం.

ఇప్పుడు నా బాకీ సంగతి.

మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా. ఆ సగటు కూడా కాగితం మీదే, పడితే ఒకేసారి, లేకపోతే లేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అసలు పడలేదు. మామూలుగా జాతరకు చెడుగుడు పోటీలు పెడితే వారం ముందు నేల తవ్వి, ఏట్లో ఇసుక తెచ్చి పోసి, నీళ్లు చల్లేవాళ్లు. ఆ ఏడు తాగడానికే ట్యాంకరు వస్తోంది, కోర్టుకు నీళ్లెవరిస్తారు? ఎర్రమట్టి రాయిలా ఉంది. మా క్లాసులోనే ఒకడు మా జట్టుకు అసలైన కూతగాడు. నేను ఆడేవాణ్ణి కాదు. బక్కగా ఉండేవాణ్ణి కాబట్టి స్కోరు రాసే పని నాది.

చివరి నిమిషాల్లో వాణ్ణి చీలమండ పట్టి లాగారు. తల నేలకు తగిలిన చప్పుడు నా బల్ల దాకా వినబడింది. కాసేపు కదల్లేదు. రిఫరీగా నిలబెట్టిన ఆయన ఊరి మనిషే. జనం గోలగోల. "ఏం కాల్యా, లెయ్ బ్బా!" అంటున్నారు. ఎవరో గోలీసోడా మొహం మీద కొట్టారు. లేచాడు. అందరూ చప్పట్లు. నా బల్ల దగ్గరికి వచ్చి "స్కోరెంత?" అన్నాడు. 18-17 అని చెప్పాను. వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, "స్కోరెంత?" అన్నాడు. చెప్పాను. రెండు నిమిషాల్లో మూడోసారి అడిగాడు. నాకు కడుపులో ఏదో అయింది. ఏదో తేడాగా ఉందని తెలిసింది. కానీ మనం ఒక పాయింటు ముందున్నాం. నేను మళ్లీ 18-17 అనే చెప్పాను.

గెలిచాం. ఆ రాత్రి వాడికి వాంతులు. తెల్లారేలోపు లారీ ఎక్కించి అనంతపురం తీసుకెళ్లారు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు, ఇప్పుడు ఊళ్లోనే సేద్యం చేసుకుంటున్నాడు, ఇద్దరు పిల్లలు. కానీ ఆ ఏడు చదువు ఆగిపోయింది, మళ్లీ బడికి రాలేదు. ఊరికెళ్లినప్పుడల్లా ఆ కప్పు చూపించి నవ్వుతాడు. "మనం గెలిచినామని నువ్వు చెప్తేనే నాకు తెల్సు బ్బా, నాకేం గుర్తులేదు" అంటాడు. నేనూ నవ్వుతాను. ఏం చెప్పను? ఆ రోజు మైదానంలో వాడికి బాగాలేదని అందరికన్నా ముందు తెలిసినవాణ్ణి నేను. చేతిలో పెన్సిలు ఉంది, పక్కనే గంట ఉంది. కొట్టలేదు.

చెడుగుడులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. చాలామంది ఇది అభిమన్యుడి పద్మవ్యూహం నుంచి పుట్టిందంటారు. నేను చూసినంతలో భారతంలో దానికి ఆధారమేమీ లేదు గానీ పోలిక మాత్రం భలే కుదిరింది. ఒక్కడు లోపలికి, ఏడుగురు చుట్టూ. తేడా ఏమిటంటే, సైంధవుడు మూసేసినట్టు ఇక్కడ మధ్యగీతను ఎవరూ మూయలేరు. ఎంతమంది మీద పడ్డా వేలి కొస గీతకు తగిలితే బతికినట్టే. ఊపిరి ఎంతసేపో, కూత అంతసేపే. ఇప్పుడు ముప్పై సెకన్ల గడియారం కూడా పెట్టారు. పైగా ఔటైనవాణ్ణి మేము "చచ్చాడు" అంటాం, అవతలివాణ్ణి ఒకణ్ణి ఔట్ చేస్తే మనవాడు ఒకడు "లేస్తాడు". ప్రో కబడ్డీ 2022 సీజన్లో తన మొదటి మ్యాచిలోనే పవన్ సెహ్రావత్ మోకాలికి దెబ్బ తగిలి, మోసుకుపోయారు. ఆ సీజనంతా మళ్లీ ఆడలేదు. ఆడనివ్వలేదు. మరుసటి ఏడు వేలంలో మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల పైచిలుకు పెట్టి కొనుక్కుంది. చచ్చినవాడు లేవడమంటే ఇదీ.

కురుక్షేత్రంలో చచ్చినవాళ్లు లేచేది ఒక్కసారే. యుద్ధమైన ఎన్నో ఏళ్లకు, ఆశ్రమవాసపర్వంలో, వ్యాసుడు గంగలోంచి వాళ్లందర్నీ రప్పిస్తాడు. కర్ణుడు, అభిమన్యుడు, దుర్యోధనుడు, అందరూ. పగలేమీ లేవు, పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటారు, మ్యాచి అయిపోయాక రెండు జట్లూ కలిసినట్టు. కానీ ఒక్క రాత్రికే. తెల్లారితే మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోవాలి.

మొన్న ఊరికెళితే వాడి పెద్దకొడుకు చెడుగుడు ఆడుతున్నాడు. వాడికీ తొమ్మిదో తరగతే. జాతర పోటీలకి స్కోరు రాయడానికి మనిషి కావాలని అడుగుతున్నారు. ఈసారి సెలవు పెట్టి వెళ్తున్నాను. స్కోరు ఎవరైనా రాసుకోవచ్చు, నాకు ఆ గంట పక్కన కూర్చోవాలని ఉంది.